గడపకు పాలిష్

ప్రశ్న అడిగినవాడి చేతికి చీపురు ఇవ్వడం సోమలింగం మాస్టారికి అలవాటు. రాజమండ్రిలో పాలిటెక్నిక్ కుర్రాళ్ళకి ఉద్యోగమంతా వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి ఆయన. ఆదివారం పొద్దున్న ఆయన పెరట్లో రేకుల షెడ్డు కింద నలుగురు పెద్దమనుషులు చేరతారు. ఒకరు పళ్ళ డాక్టరు, ఒకరు లెక్కల లెక్చరరు, అందరూ వయసు మళ్ళాక కొయ్యపని మీద మోజు పుట్టినవాళ్ళే. ఏ ఉలి మంచిది మాస్టారూ అని ఎవరన్నా అడిగితే, ఆయన మాట్లాడకుండా చీపురు అందిస్తారు. అడిగినవాడు నేలమీది చిత్రికపొట్టంతా ఊడ్చాలి. ఊడ్చాక జవాబు వస్తుందా అంటే, అదీ రాదు. చాలామంది ఒకటి రెండుసార్లు ఊడ్చి అడగడం మానేశారు. మానని శిష్యుడు ఒక్కడే, ముక్తేశ్వరరావు. ఆ షెడ్డు అద్దంలా ఉందంటే ఆ పుణ్యం ఆయనదే.

ముక్తేశ్వరరావు కరెంటు డిపార్టుమెంటులో ఇంజనీరుగా చేసి దిగిపోయాడు. ఆయన భార్య హైమావతి. ఈ కథలో ఓపిక పట్టింది ఆవిడే, ఎంత పట్టిందో వింటే మీకు ఓపిక చచ్చిపోతుంది. ఆయన ఆదివారం మధ్యాహ్నం జుట్టు నిండా పొట్టుతో ఇంటికొచ్చి, ఇవాళ మళ్ళీ నాచేతే ఊడిపించారు, మాస్టారికి నా మీద ప్రత్యేకమైన అభిమానం, అని చెప్పేవాడు. ఇంట్లో ఏనాడూ చీపురు ముట్టని మనిషి. హైమావతి ఆ రాలిన పొట్టు ఊడ్చి అన్నం వడ్డించేది.

ఇంట్లో ఆయన పెట్టుకున్న వర్క్‌షాపు చూడాలి. దానికోసం కారు షెడ్డులోంచి కారు వీధిన పడింది. గోడ నిండా పలకలు కొట్టి, పలకల నిండా పనిముట్లు తగిలించాడు. చిన్న ఉలి, దాని పక్కన దానికన్నా వెంట్రుకవాసి పెద్ద ఉలి, దాని పక్కన ఇంకోటి. చిత్రికల్లో ఇనుపది ఉంది, కొయ్యది ఉంది, ఎందుకో ఆయనకే తెలియనిది కూడా ఉంది. ఒక రంపం తోస్తే కోస్తుందట, ఇంకో రంపం లాగితే కోస్తుందట. తొయ్యడం మేలా లాగడం మేలా అని తేల్చుకోవడానికి ఆయనకి ఒక చలికాలం పట్టింది. వచ్చిన ప్రతి ఉలినీ పెట్టెలోంచి తీసి, నూరి, గోటి మీద పదును చూసుకుని, నూనె రాసి మళ్ళీ పెట్టెలో పెట్టేవాడు. ఆ ఉలి కొయ్యని చూసిన పాపాన పోలేదు. ఒకసారి గాలివానకి మునగ కొమ్మ విరిగి గేటుకి అడ్డంగా పడింది. హైమావతి వెళ్ళి ఒక రంపం తెచ్చింది. ఆయన పరుగున వచ్చి, ఇవి పచ్చి కర్రకి పనికొచ్చే పళ్ళు కావని లాక్కుని, పచ్చి కర్రకి ఏ పళ్ళు కావాలో చూస్తానని ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ కొబ్బరిబోండాల కత్తితో కొమ్మ నరికి, ములక్కాడలు ఏరుకుని, పులుసు కాచి దించేసరికి ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఇంతవరకూ ఆవిడ భరించింది. మగవాడికి రిటైరయ్యాక ఏదో ఒక కాలక్షేపం కావాలి, పేకాట కన్నా ఇది నయం అనుకుంది. అసలు గొడవ గడప దగ్గర మొదలైంది.

వాళ్ళబ్బాయి ఫణీంద్రకి అమలాపురం సంబంధం ఖాయమైన నెలలోనే వీధి గుమ్మం గడపకి చెదలు పట్టింది. కార్పెంటరు వచ్చి కొలత తీసుకోబోతుంటే ముక్తేశ్వరరావు ఆపేశాడు. కోడలు అడుగు పెట్టే గడప, నా చేత్తో నేనే చేస్తాను అన్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ మాటకి హైమావతి కళ్ళు చెమర్చాయి. తను కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ గడప దగ్గరే అత్తగారు చెయ్యి పట్టుకుంది. బియ్యం చెంబు కుడికాలితో మెల్లిగా దొర్లించమ్మా, భయపడకు, ఇది నీ ఇల్లే అంది. అత్తగారు పోయి చాలా కాలమైనా ఆ చేతి వెచ్చదనం హైమావతికి గుర్తుంది. తనూ కోడలి చెయ్యి అలాగే పట్టుకోవాలి, అదే గుమ్మం దగ్గర ఆ మాటే అనాలి. ఇంత పెళ్ళిలో ఆవిడ తనకంటూ కోరుకున్నది అదొక్కటే. ఆ కోరిక మొగుడితో చెప్పింది కూడా. ఆయన నాకు వదిలెయ్యి అన్నాడు. ఆవిడ వదిలేసింది. అక్కడే బుర్ర తక్కువ పని చేసింది.

పాత గడపని ఆయన ఆ రోజే పెరికేశాడు. మొదలుపెట్టిన రోజే ముగిసిన పని ఆయన జీవితంలో అదొక్కటే. ఇక గుమ్మం బోసిపోయింది. ఆ సందులో రెండు ఇటుకలు పెట్టి పైన గోనెపట్టా పరిచాడు, తాత్కాలికం అన్నాడు. వచ్చినవాడల్లా ఆ ఇటుకలకి తట్టుకుని తూలేవాడు. వాన పడితే నీళ్ళు హాల్లోకి, నీళ్ళ వెనక కప్పలు. ఎండ కాస్తే వీధిలో దుమ్మంతా దేవుడి గదిదాకా. వాటన్నిటికీ హైమావతి సర్దుకుంది కానీ, సాయంత్రం దీపం పెట్టి గుమ్మం వైపు చూసేసరికి మాత్రం ప్రాణం ఉసూరుమనేది. గడప లేని ఇల్లు ఇల్లులా లేదని, సత్రంలా ఉందని ఆయనతో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, తొందరపడితే కొయ్య పాడవుతుంది హైమా అన్నాడు.

కొయ్య మాత్రం మంచిదే తెచ్చాడు. గోదావరి గట్టు డిపోలో వెతికి, నిగనిగలాడే టేకు దూలం, కావలసినదానికన్నా బెత్తెడు పొడుగు ఉండేలా కోయించి తెచ్చాడు. కొలతా బాగానే కోయించాడు, నాలుగు పక్కలా చిత్రిక కూడా డిపోవాళ్ళచేతే పట్టించాడు. ఇక గుమ్మంలో పెట్టెయ్యడమే మిగిలింది. అప్పుడు మొదలైంది పాలిష్ సంగతి. వార్నీషు వేస్తే కొన్నాళ్ళకి పసుపుపచ్చగా మారుతుందని ఒకరు చెప్పారు. లక్క పాలిష్ అందం, కానీ నీటిచుక్క పడితే తెల్లమచ్చ కడుతుంది. అవిసె నూనె వానాకాలంలో ఆరదు. తేనెమైనం రాజమండ్రి ఎండకి కరిగి చెప్పులకి అంటుకుంటుంది. జీడినూనెకి చెదలు దగ్గరికి రావు, ఆ వాసనకి చుట్టాలూ రారు. ఇంకేదో గాజులా మెరిసేది ఉందట, ఊడిందంటే పొరలు పొరలుగా ఊడుతుంది. ఏ కొయ్యకి ఆ కొయ్యే, కాబట్టి ఆ దూలం మీదే వేసి చూడాలన్నాడు ముక్తేశ్వరరావు. అందులో తప్పేం లేదు, మాస్టారైనా అదే చేస్తారు. దూలం చివర బొటనవేలంత మందాన ఒక ముక్క కోసి, దానికి వార్నీషు రాసి ఎండలో పెట్టాడు. బాగాలేదు. ఇంకో ముక్క కోసి లక్క రాశాడు. బాగుంది కానీ నీళ్ళ భయం. ఇంకో ముక్క. నూనె మీద మైనం రాస్తే ఎలా ఉంటుందో, దానికో ముక్క. ఒక పూతకీ రెండు పూతలకీ తేడా చూడాలి కదా, మరో రెండు. గోడకి పనిముట్లు ఎక్కువై, ఈ ముక్కలకి విడిగా ఒక బీరువా వచ్చింది. తీసిన రంపాన్ని తీసినట్టు తుడిచి పెట్టేవాడు, అది వేరే సంగతి. దూలం టార్పాలిన్ కింద ఉండేది, చివర ఒక్కటీ బయటికి లాగి కోసుకునేవాడు. తక్కిన దూలం వైపు ఎవరు చూశారు?

ఎప్పుడండీ అని హైమావతి అడిగితే ఆరాలి అనేవాడు. ఆరాక అడిగితే మీనమేషాలు లెక్కపెట్టేవాడు. ప్రతి ఆదివారం మాస్టారిని అడిగేవాడు, ఊడ్చేవాడు, తిరిగొచ్చేవాడు. పెళ్ళి దగ్గరపడ్డాక ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. పందిరీ మేళం పెళ్ళికూతురివాళ్ళు చూసుకుంటారు, పట్టుచీరల సంగతి తన చెల్లెలు చూసుకుంటుంది, ఈ గుమ్మం సంగతి ఎవరు చూస్తారు? కార్పెంటరుని పిలుస్తానంటే, ఇన్నాళ్ళ కష్టం వాడి చేతిలో పెడతావా అని ఆయన మొహం ముడుచుకుని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి ఆవిడే సోమలింగం మాస్టారికి ఫోన్ చేసి, పెళ్ళి మర్నాడు పొద్దున్న కోడలు గృహప్రవేశం, పెద్దవారు మీరు వచ్చి దీవించాలి అని పిలిచింది. మాస్టారు అన్నీ విని, గడప పెట్టారా అమ్మా అని అడిగారు. లేదంది. వస్తాను అని ఆయన ఫోను పెట్టేశారు.

అమలాపురంలో పెళ్ళి చక్కగా జరిగింది. కొత్త దంపతుల్ని చుట్టాలతో వెనక రమ్మని చెప్పి, హారతి ఏర్పాట్లకని హైమావతీ ముక్తేశ్వరరావూ తెల్లవారుతూనే ఇల్లు చేరారు. ఇటుకలు అక్కడే ఉన్నాయి. గోనెపట్టా మీద పక్కింటి పిల్లి పడుకుని ఉంది. ఆవిడ పెళ్ళి చీరలోనే మెట్ల మీద కూలబడిపోయింది. ఆయన వచ్చే వారం తప్పకుండా అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు.

మాస్టారు చెప్పిన వేళకి వచ్చారు. చేతిలో ఒక గుడ్డసంచి. గుమ్మం దగ్గర ఆగి, ఇటుకల్ని కాలితో పక్కకి నెట్టారు. ముక్తేశ్వరరావు షెడ్డులోకి పరుగెత్తి, ముక్కల బీరువాలోంచి మూడు ముక్కలు ఏరి పట్టుకొచ్చాడు. ఇంత దూరం వడపోశానని, ఈ మూడింట్లో ఏది వెయ్యాలో ఇవాళైనా మీ నోటితో చెప్పాలని చేతులు జోడించి అడిగాడు. మాస్టారు ఆ మూడింటినీ తీసుకుని మెట్టు మీద పెట్టారు.

"దూలం పట్రా" అన్నారు.

తెచ్చాడు. ఇద్దరూ కలిసి ద్వారబంధం నిలువుల మధ్య దాన్ని దింపారు. ఒక చివర నిలువుకి ఆనింది. రెండో చివర ఆనలేదు. అటు జరిపారు, ఇటు జరిపారు. ఎటు జరిపినా జానెడు ఖాళీ. ముక్తేశ్వరరావు కొలతటేపు తెచ్చి గుమ్మం కొలిచాడు, దూలం కొలిచాడు, మళ్ళీ గుమ్మం కొలిచాడు. డిపోవాడు మోసం చేశాడన్నాడు. హైమావతి లేచి షెడ్డులోకి వెళ్ళి బీరువాలో ఉన్న ముక్కలన్నీ కొంగులో పోసుకుని తెచ్చింది. వార్నీషువీ లక్కవీ నూనెవీ మైనంవీ అన్నీ. దూలం పక్కన కుమ్మరించింది. ముక్తేశ్వరరావు వాటిని చూశాడు, సందుని చూశాడు. మొహం నల్లబడిపోయింది.

"నా కోడలు ఇటుకలు దాటి రావాలా అండీ?" అంది హైమావతి. గొంతు పెద్దది చెయ్యలేదు. ఏడవను కూడా లేదు. ఇన్ని నెలలుగా పట్టిన ఓపిక అంతా అయిపోయిన మనిషిలా నిలబడింది. ఈసారి ఆయనకి ఆరాలి అనడానికి కూడా ఏమీ లేదు.

మాస్టారు కింద కూర్చున్నారు. ఒక్కో ముక్కనీ తీసి, అది దూలంలో ఎటువైపు ఉండేదో గీతలు చూసి, సందులో నిలబెడుతూ వచ్చారు. ఏ ముక్కకి ఏం రాశాడో ఆయన చూడలేదు. మెరిసేది, మెరవనిది, జిడ్డుది, నల్లబడ్డది, వరసగా పక్కపక్కన కూర్చున్నాయి. చివర రెండు మూడు మిగిలిపోయాయి, అవి మెట్టు మీదే ఉండిపోయాయి. సంచిలోంచి కొయ్య చీలికలు తీసి, నిలువుకీ ముక్కకీ మధ్య పెట్టి, సుత్తితో బిగించారు. కాలు పెట్టి తొక్కి చూశారు, కదల్లేదు. పైకి చూడటానికి గడప మొదలు టేకులా ఉంది, చివర రంగుల దుకాణంలా ఉంది. ముక్తేశ్వరరావుకి ప్రాణం విలవిల్లాడింది. అంచులు సమంగా లేవన్నాడు. వార్నీషు పక్కన జీడినూనె ఏమిటన్నాడు. కనీసం ఇవన్నీ గీరేసి ఒకటే రకం వెయ్యనివ్వండి, సాయంత్రానికి ఆరిపోతుంది అన్నాడు. అదిగో, అప్పటికీ ఆరడం మీదే ఉంది ఆయన ధ్యాస.

ఈలోగా ఫోను మోగింది. కారు గోదావరి వంతెన దాటిందట. హైమావతి లోపలికి వెళ్ళి పసుపు కలిపిన గిన్నె తెచ్చింది. కొంగు నడుముకి చుట్టి, గడప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో ఈ చివర్నించి ఆ చివరికి రాయడం మొదలుపెట్టింది. చిత్రిక పట్టిన టేకు మీద పసుపు ఒక్క రాతకే పట్టింది. ముక్కల దగ్గరికొచ్చేసరికి సతాయించింది. మెరిసేవాటి మీద నిలవకుండా జారిపోతోంది, మైనం రాసినదాని మీద ముత్యాల్లా ముడుచుకుంటోంది. ఆవిడ మళ్ళీ మళ్ళీ దట్టంగా మెత్తింది. ఇన్నాళ్ళ కోపమంతా ఆ అరచేతిలో ఉంది. చివరికి పట్టింది. గడప అంతా ఒకటే పసుపు, ఎక్కడ దూలం అయిపోయిందో ఎక్కడ ముక్కలు మొదలయ్యాయో వంగి చూసినా తెలియదు. వరసగా కుంకుమ బొట్లు పెట్టి, బియ్యప్పిండితో ముగ్గు గీత లాగి, ఆవిడ ఒక్క క్షణం అలాగే కూర్చుని దాన్ని చూసుకుంది. తర్వాత చేతులు కడుక్కుని, బియ్యం నింపిన చెంబు తెచ్చి దాని మీద పెట్టింది.

కారు వచ్చి ఆగింది. ఫణీంద్ర దిగాడు, వెనకే కొత్త కోడలు మృదుల, కొంగుముడితో, తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో మిగిలి, నిద్రలేని కళ్ళతో. చుట్టాలు వెనక మూగారు. ఎవరో హారతి పళ్ళెం అందించారు. హైమావతి లోపలివైపు నిలబడి, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాచింది. మృదుల పారాణి పాదం ఎత్తబోయి ఆగిపోయింది. గడప దగ్గర మామగారు గొంతుక్కూర్చుని ఉన్నాడు. భుజం మీది తువ్వాలు చేతికొచ్చింది. పసుపు నీళ్ళకి లక్క ముక్క తెల్లమచ్చ కట్టకుండా, బియ్యం చెంబు చుట్టూ తడిని జాగ్రత్తగా అద్దుతున్నాడు. కోడలు వచ్చిందని గానీ, అందరూ చూస్తున్నారని గానీ ఆయనకి తెలియలేదు. హైమావతి పిలిచింది, వినపడలేదు. కొడుకు పిలిచాడు, ఒక్క నిమిషం అన్నాడు. చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

మాస్టారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"లేవయ్యా ముక్తేశ్వరరావూ, గుమ్మానికి నువ్వే అడ్డంగా ఉన్నావు. అమ్మాయి లోపలికి రావాలి."